పెరట్లో ఆరు పెట్టలకి పౌల్ట్రీ ఫారం నిబంధనలా?

సంపాదకులకు,

"నివాస ప్రాంతంలో కోళ్ళు పెంచరాదు. ఏడు రోజుల్లో తొలగించనిచో చట్టప్రకారం చర్య తీసుకోబడును." పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే పట్టణాల్లో చేతికొచ్చే నోటీసు దాదాపు ఇలాగే ఉంటుంది. ఎన్ని కోళ్ళు, పెట్టలా పుంజులా, గూడు గోడకి ఎంత దూరంలో ఉంది, పెంట ఎక్కడ వేస్తున్నారు అన్న ప్రశ్న ఒక్కటీ అందులో కనపడదు. అదే వీధి చివర చికెన్ సెంటర్‌వాళ్ళు రోడ్డుమీదికి జరిపిన బోనుల్లో వంద బ్రాయిలర్లు కుక్కి పెట్టుకోవచ్చు, వాళ్ళకి ట్రేడ్ లైసెన్స్ ఉంది కాబట్టి. ఇంటి వెనక ఆరు గుడ్ల పెట్టలుంటే మాత్రం నేరం. ఇది ఎందుకు తప్పో, దీని బదులు ఏ నిబంధన ఉండాలో కొలతలతో సహా రాస్తున్నాం.

మాస్టర్ ప్లాన్లలో కోళ్ళ పెంపకాన్ని వ్యవసాయ జోన్‌కి కేటాయించడం వెనక కారణం ఉంది. వేలకొద్దీ కోళ్ళుండే షెడ్డు ఇళ్ళ మధ్య ఉండకూడదు, దాన్ని ఎవరూ కాదనరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు కూడా షెడ్డు నివాస ప్రాంతానికి 500 మీటర్ల అవతల, చెరువులు, కాలవలు, తాగునీటి వనరులకి 100 మీటర్ల అవతల ఉండాలంటాయి. అయితే ఆ మార్గదర్శకాలు 5,000 కోళ్ళు, ఆపైన ఉన్న ఫారాలకే. మొదట్లో లక్ష కోళ్ళదాకా మినహాయింపు ఉండేది, జాతీయ హరిత ట్రిబ్యునల్ కలగజేసుకున్నాక ఆ గీత అయిదువేలకి దిగింది. అంతకన్నా కిందికి గీయాలని కాలుష్య నియంత్రణే పనిగా పెట్టుకున్న మండలి కూడా అనుకోలేదు. గుడ్ల పెట్ట రోజుకి 100 నుంచి 120 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుంది. అయిదువేల పెట్టలంటే రోజుకి అర టన్ను పైన, ఆరు పెట్టలంటే ముప్పావు కిలో లోపు. ఈ రెండింటికీ ఒకే జోనింగ్ నియమం వర్తింపజేసి నోటీసు ఇవ్వడం పరిపాలన అనిపించుకోదు.

పట్టణ సరిహద్దు ఊళ్ళమీదికి జరిగేకొద్దీ ఈ చిక్కు పెరుగుతోంది. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ చుట్టూ ఉన్న 51 గ్రామ పంచాయతీలని పక్క మున్సిపాలిటీల్లో కలిపారు. ఆంధ్రలోనూ నగరాల అంచు పంచాయతీలు కలుస్తూనే ఉన్నాయి. నిన్నటిదాకా పశుసంవర్ధక శాఖ పెరటి కోళ్ళ పథకం కింద వనరాజా, గ్రామప్రియ రకాల కోడిపిల్లల్ని చేతికిచ్చిన అదే ఇంటికి, ఊరు మున్సిపాలిటీ అయిన మర్నాటినుంచి పారిశుద్ధ్య విభాగం నోటీసు రావచ్చు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న 85 కోట్ల కోళ్ళలో 31.7 కోట్లు పెరటివే. లెక్కపెట్టుకోవడానికి పనికొచ్చిన కోళ్ళు ఇంట్లో ఉండటానికి పనికిరావా?

పుంజుల విషయంలో మాత్రం ఫిర్యాదుదారులదే న్యాయం. ముందే ఒప్పేసుకుంటున్నాం. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. పుంజు కూత మీటరు దూరంలో కొలిస్తే 90 దాటుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 తగ్గుతుందనుకున్నా, పదహారు మీటర్ల అవతలి పడగ్గది కిటికీ దగ్గర ఇంకా 66 ఉంటుంది, అదీ తెల్లవారుజామున మూడున్నరకి. మెడ ఎత్తి కూయకుండా చీకటి పెట్టెలో మూసిపెట్టడం లాంటి చిట్కాలు కూతని కాస్త ఆలస్యం చేస్తాయేమోగానీ ఆపవు, పైగా అది హింస. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పొదగడానికి వేసే గుడ్లకే కావాలి. పెట్ట కూడా గుడ్డు పెట్టాక నాలుగైదు నిమిషాలు అరుస్తుంది, ఆ అరుపు మనం మాట్లాడుకునే గొంతుకి కాస్త పైన, పట్టపగలు. చీకటి పడితే గూట్లోంచి చప్పుడే రాదు. కాబట్టి ఇళ్ళు ఆనుకుని ఉన్నచోట పుంజుని నిషేధించండి, అభ్యంతరం లేదు. పందెం కోళ్ళు సాకేవాళ్ళకి ఈ మాట రుచించదని తెలుసు. వాటికి ఊరి బయట తోటలున్నాయి.

పుంజుని నిషేధించేటప్పుడు ఒక సాంకేతిక విషయం మర్చిపోకూడదు. పథకాల కింద ఇచ్చే పిల్లలు ఆడా మగా వేరు చేసినవి కావు, సగానికి సగం పుంజులొస్తాయి. ఎనిమిది పది వారాలు దాటితేగానీ జుట్టు, మెడ ఈకలు చూసి ఇంట్లోవాళ్ళు తేల్చుకోలేరు. కూత మూడు నాలుగు నెలలకి మొదలవుతుంది. నిబంధనలో "12 వారాలు దాటిన పుంజు" అని రాస్తే సరిపోతుంది. ఉత్తినే "పుంజు" అని రాస్తే కోడిపిల్లని చూపించి జరిమానా వేసే వీలు ఇచ్చినట్టే.

ఇక వాసన. ఎక్కువ ఫిర్యాదులు దీనిమీదే. పరిష్కారం అందరికీ తెలుసనుకుంటారుగానీ, నోటీసు ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఇద్దరూ తప్పే చేస్తుంటారు. పచ్చి రెట్టలో నాలుగింట మూడొంతులు నీళ్ళే. గూట్లో మూడు నాలుగంగుళాల మందాన పొడి వరిఊక ఉంటే ఆ తడిని పీల్చుకుంటుంది, ఒకరోజుకల్లా రెట్ట ఎండి ఊకలో కలిసిపోతుంది, దగ్గరికెళ్ళినా వాసన రాదు. ఊకలో తడి ముప్పై శాతం దాటితే మాత్రం సూక్ష్మజీవులు రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని అమోనియాగా మార్చడం అందుకుంటాయి. ఇది కొలవడానికి మీటరేమీ అక్కర్లేదు. గుప్పెడు ఊక తీసి గట్టిగా పిసికి చెయ్యి తెరవాలి. వెంటనే విడిపోతే బాగున్నట్టు, ముద్దకట్టి అలాగే నిలబడితే తడెక్కువైనట్టు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చినప్పుడు చేయాల్సిన పరీక్ష ఇదొక్కటే, అర నిమిషం పడుతుంది.

ఆ తడి చాలాసార్లు రెట్టవల్ల రాదు, నీళ్ళ గిన్నెవల్ల వస్తుంది. పెట్ట రోజుకి పావులీటరు నీళ్ళు తాగుతుంది, రోహిణీ కార్తెలో అయితే అర లీటరు. గిన్నె నేలమీద ఉంటే కాలు పెట్టి ఒలకబోస్తుంది, గీరి ఊక అందులో వేస్తుంది. ఇటుకలు పేర్చి గిన్నె అంచు పెట్ట వీపు ఎత్తుకి వచ్చేలా పెడితే ఆ బెడద తీరుతుంది. ముక్కుతో పొడిస్తే చుక్కలుగా నీళ్ళొచ్చే నిపుల్ డ్రింకర్లయితే మరీ మంచిది, కాకపోతే వారానికోసారి వాటి కింద చెయ్యి పెట్టి కారుతున్నాయేమో చూడాలి. రెండో దారి వానజల్లు. కోస్తాలో తుఫాను వాన నిటారుగా పడదు, అందుకే గూటి కప్పు జాలీకంటే రెండడుగులు బయటికి ఉండాలి. మూడోది ఎవరూ పట్టించుకోనిది. పుచ్చకాయ తొక్కలు, మిగిలిన సాంబారు అన్నం తెచ్చి పడేస్తే రెట్ట నీళ్ళనీళ్ళగా వస్తుంది, ఉప్పు వల్ల నీళ్ళూ ఎక్కువ తాగుతాయి.

వాసన వచ్చిందనగానే మున్సిపల్ సిబ్బంది సున్నం, బ్లీచింగ్ పౌడర్ చల్లిపోతారు. తడి పెంటమీద సున్నం పడితే వాసన తగ్గదు, ఆ పూట ఇంకా ఘాటెక్కుతుంది. సున్నం క్షారం కాబట్టి పెంటలో కరిగి ఉన్న అమోనియాని గాల్లోకి తోసేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ అయితే అమోనియాతో కలిసి క్లోరమైన్ వాయువులు పుట్టిస్తుంది. అవి మనుషుల కళ్ళకీ ఊపిరితిత్తులకీ చేటు, కోళ్ళకి చెప్పనే అక్కర్లేదు. చేయాల్సిన క్రమం వేరు. ముందు తడిసిన ఊక మొత్తం పారతో ఎత్తేయాలి, కింద నేల పూర్తిగా ఆరనివ్వాలి, ఆ ఆరిన నేలమీద పలచగా సున్నం చల్లి ఒకరోజు వదిలి, పైన కొత్త ఊక పరవాలి. ఎత్తిన పెంటని ఒక బక్కెట్టుకి మూడు బక్కెట్ల ఎండుటాకులు కలిపి మూత ఉన్న డ్రమ్ములో వేస్తే రెండు నెలల్లో ఎరువవుతుంది. పచ్చి పెంట నేరుగా మొక్కల మొదట్లో వేస్తే వేళ్ళు మాడతాయి, డ్రైనేజీలో వేస్తే పక్కింటి ఫిర్యాదు నిజమవుతుంది.

ఈగల లెక్క ఇంకా తేలిక. ఎండల్లో ఈగ గుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. రాత్రి కోళ్ళు ఎక్కి పడుకునే గూటి కర్ర కింద పేరుకున్న రెట్టని మూడురోజులకోసారి తీసి డ్రమ్ములో మూత పెడితే ఆ చక్రం ఎప్పటికీ పూర్తికాదు. ఎలుకలు, పందికొక్కులు కోళ్ళకోసం రావు, దాణాకోసం వస్తాయి. వాటి వెనక పాము వస్తుంది. పెట్ట తినేది రోజుకి 110 గ్రాములు, ఆరింటికి 660. పొద్దున సగం సాయంత్రం సగం కొలిచి వేసి, చీకటి పడేలోపు తొట్టి తీసి ఇంట్లో పెట్టి, గుడ్లు కూడా ఏరేస్తే పాముకీ ఎలుకకీ అక్కడ పని ఉండదు. షాపుల్లో కోళ్ళ జాలీ అని అమ్మే ఆరుమూలల సన్న వైరు కోడిని బయటికి పోనివ్వదంతే, ఎలుక, ముంగిస దాన్ని కొరికి లోపలికొస్తాయి. అరంగుళం కన్నం ఉన్న వెల్డెడ్ మెష్ వాడాలి, అది అడుగు లోతు భూమిలోకి దిగాలి.

నిషేధం కోరేవాళ్ళ చేతిలో ఉన్న గట్టి వాదం బర్డ్ ఫ్లూ. దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బల్లో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారంలో కోళ్ళు చచ్చాయి. అదే ఏడాది పల్నాడు జిల్లాలో హెచ్5ఎన్1 సోకి ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది. కానీ వ్యాధి వచ్చినప్పుడు ప్రభుత్వం ఏం చేస్తుందో ఒకసారి చూడండి. భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల నిర్ధారించగానే వ్యాధి బయటపడ్డ చోటినుంచి కిలోమీటరు వ్యాసార్ధంలో ఇన్‌ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్ల దాకా నిఘా జోన్ ప్రకటిస్తారు. ఆ కిలోమీటరు లోపల ఫారం కోడి, పెరటి కోడి అని తేడా లేకుండా అన్నిటినీ తీసేయాలి, యజమానులకి పరిహారం ఇవ్వాలి. ఏ ఇంట్లో ఎన్ని కోళ్ళున్నాయో తెలియకపోతే ఇది ఎలా జరుగుతుంది? నిషేధం ఉన్న పట్టణంలో కోళ్ళు మాయం కావు, మేడమీదికో స్నానాల గది వెనక్కో చేరతాయి. ఒకరోజు పొద్దున జుట్టు నీలంగా మారి రెండు పెట్టలు చచ్చి పడుంటే, ఆ ఇంటివాళ్ళు పశువైద్యాధికారికి ఫోన్ చేయరు. చేస్తే ముందు జరిమానా కట్టాలి కదా! సంచిలో చుట్టి రాత్రిపూట కాలవలో పడేస్తారు. ఒక వ్యాధిని దాచి ఉంచడానికి ఇంతకంటే చక్కని ఏర్పాటు ఎవరూ చేయలేరు.

బ్రిటన్ సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 అక్టోబరు 1 నుంచి ఇంట్లో ఒక్క కోడి ఉన్నా నమోదు చేయించడం తప్పనిసరి. కోడిని పెంచుకోవద్దని మాత్రం అనలేదు. న్యూయార్క్ నగరంలో పెట్టలు పెంచుకోవచ్చు, పుంజుకి అనుమతి లేదు. మనవాళ్ళు చాలామంది స్థిరపడ్డ సియాటిల్‌లో 2010 నుంచి ఇంటికి 8 కోళ్ళ దాకా అనుమతి, పుంజు అక్కడా కుదరదు. అయితే గూటికీ పక్కింటికీ మధ్య యాభై అడుగుల దూరం ఉండాలని అమెరికాలో కొన్నిచోట్ల ఉన్న నియమాన్ని ఇక్కడ ఎత్తి రాయడం కుదరదు. మన 150 గజాల స్థలం అటూ ఇటూ 30 అడుగులు, 45 అడుగులు. అందులో యాభై అడుగుల దూరం అడగడమంటే పేరు చెప్పకుండా నిషేధించడమే.

మేం అడుగుతున్న నిబంధన ఇది. సొంత నేల ఉన్న ఇంటికి ఆరు పెట్టలు దాకా, పన్నెండు వారాలు దాటిన పుంజు లేకుండా. గూడు లోపల పెట్టకి రెండు చదరపు అడుగులు, జాలీ వేసిన తిరుగుడు స్థలం పది చదరపు అడుగులు తగ్గకూడదు. ఆరింటికీ కలిపి 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు, ఒక కారు నిలబెట్టడానికి వదిలే చోటులో సగం. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, నేలకి రెండడుగుల ఎత్తులో కాళ్ళమీద నిలబడే గూడు చాలు. పెట్టకి ఎనిమిదంగుళాల చొప్పున నాలుగడుగుల కర్ర ఒకటి, అడుగు చదరం గుడ్ల పెట్టెలు రెండు అందులో పడతాయి. పక్కింటి కిటికీకీ వంటింటికీ పదడుగుల దూరం ఉండాలి. బోరు గట్టుకి ఎగువన పెట్టకూడదు. రాణిఖేత్, అంటే కొక్కెర తెగులు టీకాలు వేయించిన కార్డు ఉండాలి. పెరట్లో కోసి అమ్మకూడదు. వార్డు సచివాలయంలో నమోదు, ఏడాదికి వంద రూపాయలు రుసుము పెట్టినా కడతారు. ఆ జాబితా పశుసంవర్ధక శాఖకి వెళ్ళాలి, అసలు ప్రయోజనం అక్కడే ఉంది. అపార్టుమెంటు బాల్కనీలో కోళ్ళు పెంచే హక్కు మేం అడగడం లేదు, అక్కడ పదడుగుల దూరమూ దొరకదు, పెట్టకి గీరడానికి మట్టీ దొరకదు.

సెట్‌బ్యాక్ సంగతి విడిగా తేల్చాలి. ప్లానింగ్ విభాగం కొన్నిసార్లు కోళ్ళ నిబంధన పక్కనపెట్టి, ఖాళీగా వదలాల్సిన స్థలంలో కట్టడం ఉందని నోటీసు ఇస్తుంది. పునాది వేసి, సిమెంటు స్తంభాలు పాతి, రేకులు కప్పితే అది కట్టడమే, ఆ నోటీసు న్యాయమే. రేకుల కింద మే నెలలో పెట్టలు వగర్చి చస్తాయి కూడా. ఇద్దరు మనుషులు ఎత్తి పక్కకి జరపగల చెక్క గూడుని కట్టడంగా లెక్కించకూడదని నిబంధనలో ఒక్క వాక్యం రాస్తే ఈ తగాదా పోతుంది. అగ్నిమాపక సిబ్బంది నడిచే దారికి అడ్డం లేకుండా గూడు వెనక మూలకి ఉండాలన్న షరతు పెట్టినా సమంజసమే.

నిజంగా ఇబ్బంది పెడుతున్న ఇంటిమీద చర్య తీసుకోవడానికి కొత్త నిషేధం అవసరం లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ప్రజలకి కలుగుతున్న ఇబ్బందిని తొలగించమని ఆదేశించవచ్చు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 292 కింద జరిమానా ఉంది. ఈ రెండింటిలో ఇబ్బంది ఉందని చూపించాలి, అవతలివాళ్ళు చెప్పేది వినాలి. మున్సిపల్ నోటీసుకి ఆ శ్రమ లేదు, అందుకే అది అంత తేలిగ్గా జారీ అవుతోంది.

నోటీసు అందినవాళ్ళు భయపడి ఆ రాత్రే కోళ్ళని కోసుకోనక్కర్లేదు, ఆ కాగితం చింపి పారేయనూ కూడదు. గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ కౌన్సిల్ తీర్మానం ప్రకారం ఇచ్చారో అందులో అడగండి. అదే ప్రశ్న పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తుగా విడిగా వేయండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. గూడు, ఊక, ఎరువు డ్రమ్ము, పక్క గోడకి టేపు పట్టిన దూరం తేదీతో సహా ఫొటోలు తీయండి. పశువైద్యాధికారి దగ్గర కోళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయని రాయించుకోండి. వార్డు శానిటేషన్ కార్యదర్శి సమక్షంలో తనిఖీ చేయమని కోరండి. వినకపోతే సోమవారం ఆంధ్రలో ప్రజా ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో, తెలంగాణలో అలాంటిదే అయిన ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. అన్నిటికంటే ముందు ఫిర్యాదు చేసిన పక్కింటివాళ్ళని పిలిచి గూడు చూపించండి, చాలా తగాదాలు అక్కడే ఆగుతాయి. ఇంట్లో పుంజు ఉంటే మాత్రం ఈ జవాబుకి బలం ఉండదు. ముందు దాన్ని ఊళ్ళో చుట్టాలింటికి పంపి, ఆ తర్వాత కాగితం రాయండి.

ఇట్లు,
కొందరు పెరటి కోళ్ళ పెంపకందారులు,
తూర్పు గోదావరి జిల్లా